చప్పట్ల తరువాత
(పెనుగొలను గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



2020 మార్చి 22న సాయంకాలము 5 గంటలకు దేశమంతటను ప్రజలు వాకిళ్ళలో నిలిచి, వైద్యులకు, నర్సులకు కృతజ్ఞతగా చప్పట్లు కొట్టిరి, పళ్ళెములు మ్రోగించిరి. మీలోను చాలమంది మ్రోగించియుందురు. మంచిదే. కాని నెల తిరుగకముందే జరిగిన సంగతి యొకటి చెప్పెదను. నెల్లూరు వైద్యుడొకరు కరోనా సోకి చెన్నైలో మరణింపగా, అంబత్తూరు శ్మశానములో ఆయన దహనమునకు స్థానికులు అడ్డుపడిరి. రోగము తమకు అంటుకొనునని వారి భయము. పలుచోట్ల వైద్యులను, నర్సులను అద్దె యిండ్లు ఖాళీ చేయుమనిరి. తుదకు 1897 నాటి అంటువ్యాధుల చట్టమును 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సుతో సవరింపవలసి వచ్చినది. వైద్య సిబ్బందిపై దాడి చేసినవారికి 3 నెలల నుండి 5 సంవత్సరముల వరకు, తీవ్రగాయము కలిగించినచో 7 సంవత్సరముల వరకు జైలుశిక్ష యేర్పడినది.

చట్టము దెబ్బలను ఆపవచ్చును గాని మనసులోని దిగులును తీర్చలేదు. ఆ దిగులెట్టిదో ఆశా కార్యకర్త నడుగుడు. ఆమె పరాయిది కాదు. ఈ యూరి కోడలే, ఒకరికి వదిన, మరియొకరికి పిన్ని. జ్వరముల సర్వేకై ఇంటింటికి తిరిగినపుడు, నిన్నటివరకు "రామ్మా, కూర్చో" అన్నవారే అనేక గ్రామములలో తలుపు వేసికొనిరి, జ్వరమున్నను లేదనిరి. మీ యూర నెట్లు జరిగెనో మీకే తెలియును. సాయంకాలము ఇల్లు చేరి, స్నానము చేయనిదే కన్నబిడ్డను దగ్గరకు తీయుటకు ఆమె జంకినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలకు పురస్కార మిచ్చినది. పొరుగువారి పలకరింపు లోటును అది తీర్చునా?

గౌరవవేతనము, మాస్కులు, చేతితొడుగులు సకాలమున అందించుట ప్రభుత్వము బాధ్యత. అవి అందింపక మంచిమాటలు చెప్పుట వ్యర్థము; ప్రభుత్వోద్యోగినై యుండియు ఈ మాట చెప్పుచున్నాను. మీరు చేయగలిగినది వేరు. ఆమె వచ్చినపుడు వేపచెట్టు నీడన కుర్చీ వేయుడు, చేతులు కడుగుకొనుటకు సబ్బు, నీళ్ళు ఉంచుడు. అన్నిటికంటె ముఖ్యము, అడిగినదానికి నిజము చెప్పుడు. దాచిన జ్వరము మొదట ఆమెకే అంటును.

కరోనా అత్యవసర స్థితి 2023 మే 5న ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఆమె పని ముగియలేదు. నేడు డెంగీ, క్షయ పనులపై మీ వీధులకే వచ్చుచున్నది. మరల అట్టి వ్యాధి వచ్చి ఆమెయే విడిగా ఉండవలసి వచ్చినచో, ఆ యింటి గుమ్మము వద్ద పాలు, భోజనము ఎవరుంచెదరు? పిల్లలను ఎవరు చూచుకొందురు? ఒక్కొక్క వీధికి ఇద్దరి పేర్లు చాలును. పంచాయతీ కార్యదర్శిగారు పుస్తకము తెచ్చియున్నారు, లేచిపోకముందే వ్రాయించుడు.