వెన్నునొప్పి – మూలకణముల చికిత్స
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను. సాహిత్యము చదివి దస్త్రములలో పడినవాడను. అయినను పదవీవిరమణకు చేరువైన మన మిత్రులొకరు ప్రావిడెంటు ఫండు సొమ్ము తీసి, వెన్నులో మూలకణముల ఇంజెక్షను చేయించుకొనబోవుచు నా సలహా అడిగిరి. నడుమునొప్పి కుర్చీ ఉద్యోగులమైన మనకు దగ్గరి చుట్టమే. కావున వారికొరకు చదివి తెలిసికొన్నది మీకును మనవి చేయుచున్నాను.

వెన్నుపూసల నడుమ 23 డిస్కులు కలవు. ఒక్కొక్కదాని మధ్య నీరు నిండిన జిగురుపదార్థము, చుట్టును గట్టి నారల వలయము ఉండును. వయసు మీరినకొలది నీరు తగ్గి డిస్కు అణగిపోవును. పెద్దవారి డిస్కు మధ్యభాగమునకు రక్తనాళములు పోవు. పోషణమంతయు ప్రక్క ఎముకనుండి మెల్లగా ఊరి చేరవలసినదే. కనుకనే చెడిన డిస్కు తనంత తాను బాగుపడుట కష్టము. ఎముకల మూలుగనుండి తీసిన మూలకణములను అందు ఎక్కించినచో అవి వాపును అణచి, క్రొత్త పదార్థమును పుట్టించునని శాస్త్రజ్ఞుల ఆశ. అయితే నీరందని చేనిలో చల్లిన విత్తనముల కష్టమే వీనికిని కలదు.

404 మందిపై జరిగిన పెద్ద ప్రయోగపు ఫలితములు 2021లో వెలువడినవి. ఉప్పునీరు ఎక్కించినవారికంటె మూలకణములు పొందినవారు మెరుగైరని, ముందు నిర్ణయించుకొన్న కొలత ప్రకారము, తేలలేదు. నొప్పి మొదలై ఎక్కువకాలము కానివారిలో కొంత ఉపశమనము కన్పట్టుటచే మరియొక ప్రయోగము చేపట్టిరి. ఆశ కలదు, ఋజువు ఇంకను రావలసియున్నది.

ఎం.ఆర్.ఐ. చిత్రములో డిస్కు అరిగినదన్నంతనే భయపడవలదు. 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారము, నొప్పి యెరుగని ఇరువదియేండ్లవారిలోనే నూటికి 37 మందికి, ఎనుబదియేండ్లవారిలో 96 మందికి అట్టి అరుగుదల కలదు. కాని కాళ్లు పట్టుతప్పినను, మూత్రము స్వాధీనము తప్పినను తక్షణమే వైద్యుని చూడవలెను.

భారతీయ వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము, రక్తవ్యాధుల వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మూలకణముల వాడుక అనుమతి పొందిన ప్రయోగములలోనే జరుగవలెను. అందు చేరినవారినుండి చికిత్సకు సొమ్ము పుచ్చుకొనరాదు. ప్రయోగమునకు జాతీయ పట్టికలో నమోదుసంఖ్య ఉండవలెను.

మన మిత్రులు ఆ సంఖ్య అడిగిరి. చికిత్స చేయుదుమన్నవారినుండి జవాబు రాలేదు. సొమ్ము నిలిచినది. ఇప్పుడు వారు వైద్యుడు నేర్పిన వ్యాయామము చేయుచు, మధ్యమధ్య కుర్చీ వదలి నడచుచున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు, ఉద్యోగము సాగుచున్నది. మీలో ఎవరికైన ఇట్టి సలహా ఎదురైనచో, సొమ్ము చెల్లింపకమునుపే ఆ సంఖ్య అడుగుడని నా ప్రార్థన.