యంత్రము చెప్పు సాక్ష్యము



నేటి ప్రసంగమున ఒక యంత్రమును గూర్చియు, దానిని వాడుట నేర్చుకొనుచు నేను చేయబోయిన యొక అన్యాయమును గూర్చియు తమకు విన్నవించుకొందును. తమలో పెక్కురు గ్రామమున తగవులు తీర్చిన పెద్దలు. సాక్షి నోట వచ్చిన మాటనెల్ల తాము నమ్మరు. "నీవు నిలిచిన చోటేది? అప్పటి వెలుతురెంత?" అని అడిగిన పిమ్మటనే తీర్పు చెప్పుదురు. కొలతయంత్రమును గూడ అట్లే ప్రశ్నింపవలెనను సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది.

ఆ యంత్రము పేరు స్పెక్ట్రమ్ ఎనలైజరు. సూర్యకాంతి గాజు పట్టకము గుండ పోయినపుడు రంగురంగులుగా విడివడుటను గూర్చి న్యూటను పండితుడు 1672లో ప్రకటించెను. కాంతికి పట్టకమెట్టిదో రేడియో తరంగములకు ఈ యంత్రమట్టిది. మన రేడియోపెట్టె ఒక్కమారు ఒక్క స్టేషనునే వినిపించును. ఈ యంత్రమన్ననో, వీధి యీ కొననుండి ఆ కొనవరకు నడచుచు ఇంటింటి దీపమును లెక్కించు కావలివానివలె తరంగములనన్నిటిని వరుసగా తాకి తెరపై బొమ్మ గీయును. ఎడమనుండి కుడికి పౌనఃపున్యము, అనగా సెకనునకు ఎన్ని కంపనములో అది కనబడును. క్రిందినుండి పైకి బలము కనబడును.

బలమును డెసిబెలులలో చెప్పుదురు. 10 డెసిబెలులు పెరిగిన బలము పదింతలు, 20 పెరిగిన నూరింతలు, 30 పెరిగిన వేయింతలు. ఒక మిల్లీవాటును సున్నగా నుంచుకొని లెక్కింతురు. సున్నకు 90 డెసిబెలులు క్రిందనున్న సంకేతమనగా ఒక వాటులో లక్షకోట్లవ వంతు. అంతటి స్వల్పమును గూడ ఈ యంత్రము చూపగలదు.

నేర్చుకొనువానికి మొదటి చిక్కు జల్లెడ. యంత్రములోపల తరంగములను వడపోయు జల్లెడవంటి భాగమొకటి కలదు. దాని కన్ను పెద్దదైన, ప్రక్కప్రక్కనున్న రెండు స్టేషనులు ఒకే దిబ్బగా కనబడును. కన్ను చిన్నదైన రెండును వేరుపడును. అంతేకాదు, తెర యడుగున గడ్డివలె మొలచియుండు రొద తగ్గి, అందు దాగిన బలహీన సంకేతము పైకి తేలును. కన్నును పదవవంతు చేసిన రొద 10 డెసిబెలులు దిగును. కాని ఊరక వచ్చునది ఏదియు లేదు. వరుసగా తాకుచు పోవు యంత్రమునకు, కన్ను పదవవంతైనపుడు అంత వెడల్పునే చూచుటకు ఇంచుమించు నూరింతల కాలము పట్టును. తొందరపెట్టితిమా, ఉన్న బలముకంటె తక్కువగా చూపును.

ఇంతవరకు నేర్చి నేను పండితుడనైతిననుకొంటిని. ఆ దినములలో ఒక పట్టణపు గుట్టమీద రెండు పెద్ద ప్రసారస్తంభములుండెను. ఒకదాని పౌనఃపున్యము 95.2 మెగాహెర్ట్జులు, రెండవదానిది 100. గుట్టక్రింది పేటలోనివారు దూరపు పల్లెనుండి వచ్చు చిన్న రేడియోను 90.4 వద్ద వినుచుండిరి. దానిలో అన్యస్వరమేదో చొరబడుచున్నదని వారు మొరపెట్టుకొనిరి. నన్ను పంపిరి.

ఆ చిన్న రేడియో మూసియున్న వేళ నేను యంత్రమును తీసికొనిపోయితిని. అయినను 90.4 వద్ద గీత నిలిచియున్నది! ఏరియలు ఊడదీసితిని, గీత మాయమైనది. కనుక ఇది బయటనుండి వచ్చునదే యని నిశ్చయించుకొంటిని. గుట్టవైపు నడచినకొలది గీత పెరిగెను. గుట్టమొదట మైకుసెట్లు అద్దెకిచ్చు యువకుని అంగడి యొకటి కలదు. అతడు చిన్న ప్రసారయంత్రములు కూర్చునని పేటలో వాడుక. అనుమతి లేని ప్రసారము నేరము. అతని సామానునంతయు పట్టుకొనిపోవుటకు చాలినంత కాగితము ఆ సాయంకాలమే వ్రాసితిని.

మా గురువుగారు దానిని చదివి, "నాయనా, సాక్షిని ఎదురుప్రశ్న వేసితివా?" అని యడిగిరి. మరునాడు నాతో వచ్చి, లోనికి వచ్చు బలమును తగ్గించు మీటను 10 డెసిబెలులు త్రిప్పిరి. తాను తగ్గించినంత మేరను యంత్రము తెరపై మరల కలిపి చూపును గనుక నిజమైన గీత కదలరాదు. 95.2 కదలలేదు, 100 కదలలేదు. 90.4 వద్ద గీత మాత్రము 20 డెసిబెలులు కూలిపోయినది.

అప్పుడు వారు, "95.2ను రెండింతలు చేసి 100 తీసివేయుము" అనిరి. నేను లెక్కించితిని. వచ్చినది 90.4! రెండు బలమైన సంకేతములు ఒక్కమారు వచ్చి పడగా యంత్రములోని మిశ్రణభాగము ఉక్కిరిబిక్కిరియై లేని మూడవదానిని తానే పుట్టించినది. ఏరియలు తీసినపుడు ఆ రెండును పోయినవి గనుక వాని బిడ్డయు పోయినది. అంగడివైపు గీత పెరుగుటకు కారణము స్తంభములు దగ్గరపడుటయే.

మరి పేటవారు వినిన అన్యస్వరమేది? వారి రేడియోపెట్టెలును నా యంత్రమువలెనే మోసపోయినవి. మేము ఒక యింట ఏరియలు కడ్డీని కురచచేయించితిమి. పల్లె రేడియో కొంత తగ్గినను స్పష్టముగా వినవచ్చెను. చొరబడిన స్వరము అణగిపోయెను. అసలు సంకేతము పదవవంతైనచోట ఈ నకిలీ సంకేతము వేయవవంతగును. ఇట్లు ఏ నేరగాడును లేకయే తగవు తీరినది. నేను వ్రాసిన కాగితమును నా చేతనే చింపించిరి. ఆ యువకునకు ఈ సంగతి నేటికిని తెలియదు. నాకు మాత్రము మరపునకు రాదు.

నాటినుండి ఏ గీతను చూచినను మూడు ప్రశ్నలడుగుదును. జల్లెడ కన్ను ఎంత? ఏరియలు తీసిన నీవు పోవుదువా? లోనికి వచ్చు బలమును తగ్గించిన నీవు నిలుతువా? మూడింటికిని సరియైన జవాబు వచ్చిన పిమ్మటనే కలము పట్టుదును.

యంత్రము అబద్ధమాడదని లోకులందురు. అది కావలెనని ఆడదు. నిజమే. కాని భారము మించినపుడు తడబడును. ఇకమీదట మీ యెదుటికి ఎవరైనను యంత్రము చూపిన అంకెను తెచ్చి ఒకని తప్పు మోపినచో, ఆ యంత్రమును పరీక్షించితిరా యని దయచేసి యడుగుడు. ఆ ప్రశ్న యడుగుటకు ఇంజనీరు కానక్కరలేదు. తీర్పు చెప్పు పెద్దకు అది కొత్తదియు కాదు.