ఈస్ట్ ఇచ్చిన టీకా
తెనాలి, బాపట్ల, రేపల్లె ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు తొడకు వేసే హెపటైటిస్-బి టీకా ఈస్ట్ చేసిపెట్టినదే. కాలేయాన్ని దెబ్బతీసే ఆ వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్ జన్యువును మాత్రమే ఈస్ట్ కణంలో చేరుస్తారు. అసలు వైరస్ అక్కడ లేనే లేదు, కనుక టీకాతో ఆ జబ్బు రాదు. ఇందుకు వాడే ఈస్ట్‌లలో ఒకటి పికియా, రొట్టెను పొంగించే ఈస్ట్‌కు దూరపు చుట్టం. దానికి మిథనాల్ పెడితే ఆ జన్యువు పనిలోకి దిగి, ప్రోటీన్ తయారవుతుంది. దాన్ని వేరుచేసి, శుద్ధి చేసి టీకాగా వాడతారు. మన దేశంలో తయారైన ఇలాంటి తొలి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డిగారిది నెల్లూరు జిల్లా. దిగుమతి టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో ధరను సామాన్యుడికి అందుబాటులోకి దించారు. నా దృష్టిలో అదే అసలు ఘనత. పసిబిడ్డకు 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్‌లోనూ ఈ టీకా ఉంటుంది. తప్పక వేయించండి.