వరద దుంగని ఒడ్డుకి లాగి చీల్చడం

గోదారికి ఎర్రనీళ్లు తగిలాయంటే మా లంకలో ఏడాది వంటచెరకు వచ్చినట్టే. ఏజెన్సీ కొండల్లోంచి కొట్టుకొచ్చే దుంగల్ని పట్టడానికి మా నాన్నగారు చేసుకున్న గడ ఇది. పదిహేను అడుగుల వెదురు, కొనకి పాత ఇనప చువ్వ వంచిన కొక్కెం, అంతే. దుంగకి ఎదురు నిలబడకూడదు. గట్టు మీద నీటివాలుకి దాంతోపాటే నడుస్తూ, కొక్కెం తగిలించి మెల్లిగా లాగాలి.

తాడు మాత్రం ఒంటికి కట్టుకోకండి. 1986 వరద తీస్తున్నప్పుడు నేను నడుముకి కట్టుకున్నాను. దుంగ సుడిలో పడి నన్నూ ఈడ్చుకుపోయింది. నాన్నగారు కొడవలితో తాడు తెగ్గొట్టారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడైతే ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక పడిందంటే నేను ఏటి దరికి వెళ్లను. నీరు తీశాక ఒండ్రులో దిగబడినవే ఏరుకుంటాను. టేకులాంటి కలప దొరికితే ఫారెస్టు వాళ్లకి చెప్పాలండోయ్, అది మనది కాదు.

ఇక చీల్చడం. ముందు బెరడు ఒలిచేయండి, అందులో ఇసుక ఉంటుంది, గొడ్డలి పదును పోతుంది. రంపంతో మూరెడు ముక్కలు కోసి, కొనలో నెర్రె ఎక్కడుందో చూసుకోవాలి. లారీ కమాను పట్టీతో కమ్మరి చేసిచ్చిన ఈ మేకుని అక్కడ పెట్టి సమ్మెటతో కొట్టాలి. కణుపు మీద పెడితే మేకు ఎగిరి మొహానికి తగులుతుంది. ఇరుక్కుపోతే గుంజకండి. అదే నెర్రెలో కాస్త ముందుకి ఈ తుమ్మచెక్క మేకు దింపండి, ఇనపది దానంతటదే వదులవుతుంది. ఇదిగో, చూడండి... వదిలింది.