మసీదు మెట్లకూ చట్టం వర్తిస్తుంది



మైనారిటీ హక్కుల వేదికపై వికలాంగుల చట్టం ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన హక్కుల కోసం మనం ప్రభుత్వ కార్యాలయాల గుమ్మాల ముందు నిలబడుతున్నాము. మన గుమ్మం ముందుకు వచ్చి, లోనికి రాలేక వెనుదిరిగేవారు కూడా మనలో ఉన్నారు. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో మన ఇళ్లవారూ ఉన్నారు. జుమా నాడు మీ మసీదు వరుసలలో ఎందరు కనిపిస్తున్నారో ఒకసారి గమనించండి.

2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, ఇది 21 రకాలను గుర్తించింది. ఆటిజం, హీమోఫిలియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్ వ్యాధి, యాసిడ్ దాడి గాయాలు అందులో చేరాయి. తలసేమియా కూడా చేరింది. బిడ్డకు క్రమం తప్పక రక్తం ఎక్కించుకునే తల్లిదండ్రులు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు ధ్రువపత్రం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషను వర్తిస్తాయి. సదరం శిబిరంలో శాతం తక్కువగా వేశారని భావిస్తే 59వ సెక్షన్ ప్రకారం అప్పీలు చేసుకోవచ్చు. ఉద్యోగజీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవాడిగా ఒక మాట: అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు చేతికి వచ్చేదాకా బల్ల దగ్గరనుంచి కదలవద్దు.

ఇక అసలు విషయం. ఈ చట్టం ‘ప్రజా భవనం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని మన కమిటీలు చదవాలి. ప్రభుత్వ భవనమైనా ప్రైవేటు భవనమైనా, ప్రజలు మతపరమైన, విద్యాపరమైన, సాంస్కృతిక అవసరాలకు ఉపయోగించేదంతా అందులోకి వస్తుంది. అంటే మసీదు, మదరసా, షాదీఖానా అన్నీ వస్తాయి. వికలాంగులకు అందుబాటు లేని ప్లానుతో కొత్త కట్టడానికి అనుమతి ఇవ్వరాదని 44వ సెక్షన్ చెబుతోంది. పాత భవనాలను నియమాలు వెలువడిన అయిదేళ్లలోగా సరిచేయాలని 45వ సెక్షన్ నిర్దేశించింది. నియమాలు 2017లో వచ్చాయి, గడువు 2022లోనే ముగిసింది. 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, సలహాల వంటి మార్గదర్శకాలు చాలవని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

“మెట్ల దగ్గర నలుగురం ఎత్తుకుని లోపలికి తీసుకుపోతాం కదా” అని మన యువకులు అంటారు. వారి మంచి మనసును శంకించను. కాని ఎదిగిన మనిషిని రోజుకు ఐదుసార్లు మూటలా ఎత్తితే, ఆరోసారి అతడు ఇంట్లోనే నమాజు చేసుకుంటాడు. అతడికి కావలసింది భుజాలు కాదు, వాలు దారి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆరేసి అంగుళాల మూడు మెట్లకు పద్దెనిమిది అడుగులు, నాలుగడుగుల వెడల్పు, రెండువైపులా పట్టుకునే కడ్డీ. స్థలం చాలకపోతే మలుపు తిప్పవచ్చు. నిటారుగా సిమెంటు పోసి ర్యాంపు అనిపించుకున్నవి చూశాను. వాటిపై చక్రాల కుర్చీ ఎక్కదు, జారుతుంది.

వుజూ చేసే చోట ఒక కుళాయి దగ్గర వెన్ను ఆనే ఎత్తు పీట, జారని నేల కావాలి. మరుగుదొడ్డిలో కమోడు, గోడకు కడ్డీ ఉండాలి. చక్రాలకు అంటిన మురికి సంగతి అడుగుతారు. మసీదులోనే ఒక శుభ్రమైన చక్రాల కుర్చీ ఉంచి, గుమ్మం వద్ద మార్చుకునే ఏర్పాటు చేయవచ్చు. ఖుత్బా సారాంశాన్ని ఒక కాగితంపై రాసి ఇస్తే వినికిడి లేని సోదరుడు చదువుకుంటాడు. స్త్రీల నమాజు గది మేడపైన ఉన్నచోట మోకాళ్ల నొప్పులున్న అమ్మలు ఎలా ఎక్కుతారో కమిటీలో ఎవరైనా అడిగారా? “ఒక్కరి కోసం ఇంత ఖర్చా” అనేవారికి ఆ అమ్మలను, మధుమేహంతో కాలు కోల్పోయిన పెద్దలను చూపించండి.

మన సంప్రదాయంలో దీనికి కొరత లేదు. అంధుడైన హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మి మక్తూమ్ (రజి) విషయంలోనే ‘అబస’ సూరా అవతరించింది. ఆయన మదీనాలో అజాన్ ఇచ్చేవారు. చూపు మందగించి, వరద నీటిని దాటి తన ప్రజల వద్దకు పోలేకపోయిన హజ్రత్ ఇత్బాన్ (రజి) కోరితే, దైవప్రవక్త (స) స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి నమాజు చేశారు. మనిషి చోటుకు రాలేనప్పుడు చోటే మనిషి దగ్గరకు వెళ్లింది.

మాటల విషయం కూడా చెప్పాలి. లంగ్డా, గూంగా, బహ్రా అని పేరుకు తగిలించి పిలవడం మన వీధులలో పరిపాటి. పదిమందిలో ఉద్దేశపూర్వకంగా వికలాంగుని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా, అయిదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. హాస్యమని చెప్పి తప్పించుకునే ముందు ఇది తెలిసి ఉండాలి.

కమిటీలకు నా విన్నపం. రంజానుకు ముందు గోడలకు సున్నం వేయించడం మనకు అలవాటే. ఈసారి సున్నం వేసేవారికంటే ముందు మేస్త్రీని పిలవండి. ఊరిలోని వికలాంగ సోదరుడినో సోదరినో పక్కన ఉంచుకుని గుమ్మం, మెట్లు, వుజూ స్థలం కొలిపించండి. పని షాబాన్ మొదట్లో మొదలైతే తరావీహ్ మొదటి రాత్రికి సిమెంటు గట్టిపడి ఉంటుంది.