కోతకు ముందు అడగాల్సిన ప్రశ్నలు

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగం)



గర్భసంచి ఆపరేషన్ల గురించీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించీ మనం ఎన్నో ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాం. ఇంతవరకూ నోరు విప్పని ఒక ఆపరేషన్ గురించి ఈ రోజు మాట్లాడతాను. యోని లోపలి పెదవులను కత్తిరించి చిన్నవి చేయడాన్ని లేబియాప్లాస్టీ అంటారు. ఇది డబ్బున్నవాళ్ల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ హైదరాబాదులోని సౌందర్య చికిత్సా కేంద్రాలు దీన్ని బాహాటంగానే ప్రకటిస్తున్నాయి.

ఆ మధ్య మా దగ్గరికి 22 ఏళ్ల అమ్మాయి వచ్చింది. పెళ్లి కుదిరింది. "అక్కా, నాకు లోపలి పెదవులు బయటికి కనబడతాయి. రంగు కూడా నలుపే. పెళ్లిలోగా ఆపరేషన్ చేయించుకోనా?" అని అడిగింది. నొప్పి ఉందా అంటే లేదంది. ఎవరైనా ఏమన్నా అన్నారా అంటే అదీ లేదంది. ఫోనులో చూసిన బొమ్మల్లో ఎవరూ తనలా లేరట.

ఆమెను తప్పుపట్టడం తేలిక. కానీ తన శరీరం గురించి తెలుసుకోవడానికి ఆమెకు ఏ దారి ఉంది? ఈ అవయవానికి మన నోట వినపడేవి తిట్లు, లేదంటే పుస్తకాల్లోని సంస్కృతం. తల్లి కూతురితో సిగ్గుపడకుండా అనగల మాట దొరకడం కష్టం. ఆ ఖాళీలోకి నీలిచిత్రాలూ, ప్రకటనలూ వచ్చి కూర్చున్నాయి. ఒంటి రంగుకు సిగ్గుపడేలా చేసి క్రీములమ్మిన మార్కెట్టే ఇప్పుడు ఇంకా లోపలికి వచ్చింది.

వాస్తవం ఏమిటి? 2005లో లండన్ వైద్యులు, వేరే గైనిక్ చికిత్సలకు వచ్చిన 50 మంది స్త్రీల కొలతలు ప్రచురించారు. లోపలి పెదవుల వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంది. అంటే ఏడింతల తేడా! కుడి ఎడమలు సమానంగా లేకపోవడం మామూలే. యుక్తవయసులో ఇవి పెరుగుతాయి, గర్భంతో రంగు ముదురుతుంది. ఇవి వట్టి చర్మం కాదు. స్పర్శ తెలిసే నరాలున్న భాగాలు. యోనిద్వారాన్నీ, మూత్రద్వారాన్నీ కాపాడతాయి.

కత్తిరిస్తే రక్తస్రావం, చీము, కుట్లు విడిపోవడం, మచ్చ, నొప్పి, స్పర్శ తగ్గడం వంటివి జరగవచ్చు. తీసేసినదాన్ని తిరిగి పెట్టలేరు. అందం కోసం చేసే ఇలాంటి ఆపరేషన్ల భద్రతకూ, ప్రయోజనానికీ తగిన ఆధారాలు లేవని అమెరికా ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సంఘం 2007లోనే చెప్పింది. 18 ఏళ్లు నిండనివారికి సాధారణంగా చేయకూడదని బ్రిటన్ రాయల్ కాలేజీ నైతిక సంఘం 2013లో సూచించింది.

"నా శరీరం, నా నిర్ణయం అన్నది మన నినాదమే కదా?" అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకే వద్దని ఆజ్ఞాపించే హక్కు నాకు లేదు. నడిస్తేనో, సైకిలు తొక్కితేనో ఒరుసుకుపోయి బాధపడే స్త్రీలున్నారు. వాళ్ల బాధను సిగ్గుగా కొట్టిపారేయకూడదు. ముందు మంచి గైనకాలజిస్టు చేత చర్మవ్యాధి గానీ, ఇన్‌ఫెక్షన్ గానీ ఉందేమో చూపించాలి. అవేవీ కాక బాధ నిజంగా పెదవుల వల్లే అయితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. మన పని నొప్పినీ సిగ్గునూ వేరుచేసి చూపించడం. నొప్పికి వైద్యం ఉంది. సిగ్గుకు కత్తి మందు కాదు.

మాతో నాలుగుసార్లు మాట్లాడాక ఆ అమ్మాయి పెళ్లికి ముందు వద్దనుకుంది. తరవాత ఏం చేస్తుందో ఆమె ఇష్టం.

చట్టం కూడా తెలుసుకోండి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రోగి ఏ ఆపరేషనుకు ఒప్పుకుందో దానికే ఆ అనుమతి వర్తిస్తుంది. ప్రాణాపాయం లేనప్పుడు, మత్తులో ఉన్న స్త్రీ తరఫున తల్లి ఇచ్చిన అనుమతి కూడా చెల్లదు. లాభనష్టాలూ, వేరే మార్గాలూ డాక్టరు ముందే వివరించాలి. కాబట్టి ఎంత కత్తిరిస్తారు, ఎందుకు, చేయించుకోకపోతే ఏమవుతుంది, తేడా వస్తే ఎవరు చూస్తారు అని అడగమనండి. జవాబు రాకపోతే సంతకం పెట్టొద్దనండి.

చివరగా ఒక పని. వచ్చే సమావేశానికి మీ మీ ఊళ్లలో ఆడవాళ్లు ఈ అవయవానికి వాడే మర్యాదైన మాటలు సేకరించి తీసుకురండి. లేకపోతే అందరం కూర్చుని పుట్టిద్దాం.