కదలని ఊరు – కదలిన ఎల్లలు

ఒక గ్రామమును గూర్చి వినగానే, అది ఏ తాలూకాలోనిది, ఏ జిల్లాలోనిది అని అడుగుట మన వాడుక. బెలారుస్ దేశమున నైరృతి భాగమందున్న మొతల్ గ్రామమును గూర్చి అట్లడిగినచో, ‘ఏ సంవత్సరమున?’ అని మేము ఎదురు ప్రశ్న వేయవలసి యుండును.

పిన్స్క్ పట్టణమునకు వాయవ్యముగా, యాసెల్దా నదియొడ్డున ఈ గ్రామము కలదు. ఆ నది ప్రిప్యాత్ నదిలోను, ప్రిప్యాత్ ద్నీపర్ నదిలోను కలియును. ఈ ప్రాంతమంతయు పలెస్యే అను చిత్తడి సీమ.

1795లో పోలండ్ రాజ్యమును పొరుగు రాజ్యములు చివరిసారి పంచుకొనగా, మొతల్ రష్యా సామ్రాజ్యమున చేరినది. ఇజ్రాయెల్ ప్రథమాధ్యక్షుడు హైమ్ వైజ్‌మన్ 1874లో జన్మించిన దిచ్చటనే. 1921 నాటి రీగా సంధితో ఊరు పోలండునకు దక్కినది. 1939లో సోవియట్ బెలారుస్‌లో కలిసినది. 1941లో జర్మను సేనలు వచ్చినవి. ఆ ఆగస్టులోనే ఇచ్చటి యూదులను సామూహికముగా వధించిరి. తరతరములుగా ఊరిలో మెలగిన సమాజ మట్లు రూపుమాసినది. యుద్ధానంతరము, 1954లో పిన్స్క్ మండలము రద్దు కాగా, ఊరు బ్రెస్త్ మండలమునకు మారినది. 1991 నుండి స్వతంత్ర బెలారుస్‌లో, ఇవానవా జిల్లాలో నున్నది.

1931లో పోలండు ప్రభుత్వము జనాభా లెక్కలు తీయుచు మాతృభాష యేదని అడిగినపుడు, పలెస్యే సీమలో ఏడు లక్షలకు పైగా జనులు ‘ఇక్కడి భాష’ అని వ్రాయించిరి. దీనిని అజ్ఞానమనుట మాకు సమ్మతము కాదు. ప్రభువులు మారినపుడెల్ల మారనక్కరలేని చిరునామా వారికి అదియొక్కటియే.